గేటు తెరిచి ఉంటే దాటేయొచ్చా? పల్లెటూరి రైల్వే గేట్లు, స్కూలు వ్యాన్ల గురించి

తిరువొట్రియూర్_వాసి:
అందరికీ నమస్కారం. మేముండేది చెన్నైలో, మా చెల్లెలి అత్తగారి ఊరు మాత్రం కడలూరు జిల్లాలో ఒక పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, అలాంటి కుటుంబాలు ఆ వైపు చాలానే ఉన్నాయి. పిల్లలిద్దరూ రోజూ స్కూలు వ్యాన్లో రైల్వే గేటు దాటి వెళ్లాలి. 2025 జులై 8న సెమ్మంకుప్పం గేటు దగ్గర స్కూలు వ్యాన్‌ని విల్లుపురం–మయిలాడుదురై పాసింజర్ గుద్దింది, ముగ్గురు పిల్లలు పోయారు. అప్పటి నుంచి పొద్దున వ్యాన్ టైమ్ అయితే చాలు మా చెల్లికి టెన్షన్. అది కాపలా లేని గేటు కాదు, అక్కడ డ్యూటీలో మనిషి ఉన్నాడు. మనిషి ఉన్న గేటు తెరిచి ఉందంటే రైలు రావట్లేదనే కదా ఎవరైనా అనుకునేది? మా వాళ్ల ఊరి గేటు ఎలాంటిదో ఎలా తెలుసుకోవాలి, ఎవరిని అడగాలి, స్కూలు వాళ్లకి ఏం చెప్పాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. ఊళ్లో అందరం కలిసి అర్జీ పెట్టాలని అనుకుంటున్నాం.

టీనగర్_తెలుగు:
ఇందులో తెలుసుకోవడానికి ఏముందండీ, గేట్‌మన్ గేటు వెయ్యలేదు, పిల్లలు పోయారు. ఉద్యోగం తీసేసి జైల్లో పెడితే మిగతావాళ్లు జాగ్రత్తగా ఉంటారు. జీతం తీసుకునేది ఆ ఒక్క పనికేగా. నాకైతే ఆ ఫోటోలు చూసిన రోజు అన్నం సయించలేదు.

పెరంబూరు_సిగ్నల్:
నేను సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో పని చేసి రిటైర్ అయ్యాను. తప్పు చేసినవాడికి శిక్ష పడాల్సిందే, దానికి నేను అడ్డు చెప్పను, కానీ అక్కడితో ఆగితే రేపు ఇంకో గేటు దగ్గర ఇదే జరుగుతుంది. కొంచెం ఓపిగ్గా చదవండి.

మనిషి ఉన్న గేట్లలో రెండు రకాలు. ఒకటి ఇంటర్‌లాక్ అయిన గేటు. అక్కడ గేటు పూర్తిగా కిందికి దిగి తాళం పడితే తప్ప రైలుకి సిగ్నల్ పడదు. సిగ్నల్ ఇచ్చాక రైలు దాటేవరకు మామూలుగా గేటు తెరుచుకోదు. మధ్యలో తియ్యాలంటే ముందు సిగ్నల్‌ని మళ్లీ ఎర్రకి వెయ్యాలి, ఆపైన కొంత సమయం గడవాలి. గేట్‌మన్ నిద్రపోయినా, మర్చిపోయినా, ఎవరో వచ్చి ఒత్తిడి చేసినా, రైలు సిగ్నల్ దగ్గర ఆగుతుంది తప్ప గేటులోకి రాదు. మహా అయితే బండి లేటవుతుంది.

రెండోది ఇంటర్‌లాక్ లేని గేటు. సెమ్మంకుప్పంది ఈ రకమే. అక్కడ స్టేషన్ మాస్టర్ ఫోన్ చేసి బండి వస్తోందని చెబుతాడు, గేట్‌మన్ గేటు వేసి, వేసినట్టు గుర్తుగా ఒక ప్రైవేట్ నంబర్ (రహస్య సంఖ్య) చెబుతాడు, ఇద్దరూ రిజిస్టర్లో రాసుకుంటారు, బండి బయల్దేరుతుంది. గేటు నిజంగా పడిందో లేదో సిగ్నల్‌కి తెలియదు. గేటుకీ సిగ్నల్‌కీ మధ్య ఉన్నదల్లా ఫోన్లో ఒక మాట. ఆ మాట ఇచ్చి గేటు వెయ్యకపోతే ఆపేవాడు ఇంకెవడూ లేడు. రోజుకి ఎన్నో బండ్లు, ఏడాది పొడవునా, పగలూ రాత్రీ ఒక్క మనిషి ఒక్కసారి కూడా పొరబడకూడదు అనే నమ్మకం మీద నడిచే ఏర్పాటు అది. నా సర్వీసులో నేను చూసిన గేట్‌మన్లలో ఎక్కువమంది చాలా నిక్కచ్చి మనుషులు. అయినా సరే, మనిషి మీద ఇంత భారం పెట్టకూడదు అన్నది నా గట్టి అభిప్రాయం.

తిరువొట్రియూర్_వాసి:
బాబాయ్ గారూ, ఇంత తేడా ఉందని మాకెవరికీ తెలియదు. మరి అన్ని గేట్లకీ ఆ ఇంటర్‌లాకింగ్ ఎందుకు పెట్టరు?

పెరంబూరు_సిగ్నల్:
పెడుతున్నారమ్మా, దేశం మొత్తం మీద 11 వేలకి పైగా గేట్లకి అయింది. మిగిలినవాటికి ఒక లెక్క ఉంది. టీవీయూ (ట్రైన్ వెహికల్ యూనిట్) అంటారు. రోజుకి ఆ గేటు దగ్గర వెళ్లే రైళ్ల సంఖ్యని, దాటే వాహనాల సంఖ్యతో గుణిస్తే వచ్చేది. అది 10,000 దాటితేనే ఇంటర్‌లాక్ చెయ్యాలి అని చాలాకాలం ఉండేది. సెమ్మంకుప్పం ప్రమాదం తర్వాత రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ దాన్ని 2,500కి తగ్గిస్తూ ఆదేశాలిచ్చారు.

దీని అర్థం చూడండి. మీ ఊరి గేటు దగ్గర రోజుకి 20 రైళ్లు, 150 వాహనాలు అనుకుందాం. గుణిస్తే 3,000. పాత లెక్కలో ఆ గేటుని ఎవరూ పట్టించుకోరు. కొత్త లెక్కలో అర్హత వచ్చేసింది. అందుకే మీ అర్జీలో మొట్టమొదట అడగాల్సింది ఇదే: మా గేటు టీవీయూ ఎంత, ఆఖరిసారి ఎప్పుడు లెక్కపెట్టారు? మధ్యలో కొత్త స్కూలో, ఇటుక బట్టీనో వచ్చి ఉంటే వాహనాలు పెరిగి ఉంటాయి, పాత లెక్క ఇప్పుడు చెల్లదు.

ఇంటర్‌లాక్ ఉందో లేదో చూడ్డం ఎలా అంటే, స్టేషన్‌కి దూరంగా ఉన్న గేటయితే రెండు వైపులా పట్టాల పక్కన ఆ గేటుకని విడిగా సిగ్నల్ స్తంభం ఉంటుంది, దానికి పసుపు రంగు గుండ్రటి బిళ్ల మీద నల్లగా ఇంగ్లిష్ జి అక్షరం ఉంటుంది. స్టేషన్ పక్కనే ఉన్న గేటుని స్టేషన్ సిగ్నళ్లే కాపాడతాయి కాబట్టి అక్కడ ఈ గుర్తు కనపడకపోవచ్చు. చూడ్డానికని పట్టాల వెంట నడవకండి, పిల్లల్ని అసలు పంపకండి.

లోకో_క్యాబ్:
ఇంజన్లో కూర్చునేవాణ్ని, అరక్కోణం వైపు. క్యాబ్‌లోంచి ఎలా ఉంటుందో చెబుతాను, ఇది బయటివాళ్లకి తెలియాలి.

గేటుకి 600 మీటర్ల ముందు పసుపు బోర్డు ఉంటుంది, సీ/ఫా అని హిందీలో, డబ్ల్యూ/ఎల్ అని ఇంగ్లిష్‌లో. అక్కడి నుంచి గేటు దాటేదాకా హారన్ కొడుతూనే ఉండాలి. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఆ 600 మీటర్లు దాటడానికి పట్టేది 22 సెకన్లు కూడా కాదు. ఇక బ్రేకు. ఎమర్జెన్సీ వేసినా ఆ వేగంలో ఉన్న బండి ఆగడానికి దాదాపు కిలోమీటరు కావాలి. అంటే గేటులో వ్యాన్ నా కంటికి కనపడే సరికే చాలాసార్లు నా చేతిలో ఏమీ ఉండదు. బ్రేకు వేసి, హారన్ నొక్కిపట్టి, చూస్తూ ఉండటమే. అలాంటి ఘటన జరిగిన తర్వాత మళ్లీ ఇంజన్ ఎక్కడానికి భయపడిన వాళ్లు నాకు తెలుసు.

రోడ్డు మీద ఉన్నవాళ్లకి ఇంకో మాట. దూరం నుంచి ఎదురుగా వచ్చే రైలు ఉన్న వేగం కన్నా నెమ్మదిగా వస్తున్నట్టు కనపడుతుంది. అంత పెద్ద వస్తువు నేరుగా మన వైపు వస్తున్నప్పుడు కంటికి వేగం అందదు, దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా పెద్దదైపోతుంది. "ఇంకా దూరంగానే ఉంది, దాటేయొచ్చు" అని మీకు అనిపించిందంటే ఆ అంచనాని నమ్మొద్దు.

టీనగర్_తెలుగు:
లోకో అన్నా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మరి కవచ్ అంటున్నారు కదా, రైళ్లు ఢీకొనకుండా దానంతట అదే బ్రేకు వేసే ఏర్పాటు, అది వస్తే ఈ గేట్ల సమస్య పోతుందా?

లోకో_క్యాబ్:
కవచ్‌లో గేటు దగ్గరికి వచ్చేసరికి హారన్ దానంతట అదే మోగే ఏర్పాటు ఉంది, మంచిదే. కానీ గేటు తెరిచి ఉన్న సంగతి సిగ్నల్‌కే తెలియనప్పుడు కవచ్‌కి ఎక్కడి నుంచి తెలుస్తుంది? ముందు ఇంటర్‌లాకింగ్ ఉండాలి.

రెడ్‌హిల్స్_వ్యాన్:
నాకు రెండు స్కూలు వ్యాన్లు ఉన్నాయి, ఒకటి నేనే నడుపుతాను. డ్రైవర్ల వైపు నుంచి నేను చెబుతాను, ఎవరూ కోపం తెచ్చుకోకండి. ఐదు నిమిషాలు లేటయితే స్కూలు నుంచి ఫోన్, పేరెంట్స్ నుంచి ఫోన్. ఆ తొందరలో ఉన్న డ్రైవర్ గేటు దగ్గరికొచ్చి "అన్నా, బండి ఇంకా రాలేదు కదా, ఒక్క నిమిషం తియ్యి" అని గేట్‌మన్‌ని అడగడం పల్లెల్లో రోజూ జరిగేదే. బైకులవాళ్లయితే తిడతారు, కొట్టడానికి కూడా వెళ్తారు. ఈ ఒత్తిడి గురించి ఎవరూ మాట్లాడరు.

మా వ్యాన్లలో పద్ధతి ఏంటంటే, గేటు తెరిచే ఉన్నా ముందు పూర్తిగా ఆపాలి. పాటలు ఆపెయ్యాలి, కిటికీ అద్దాలు దించాలి, పిల్లల్ని ఒక్క నిమిషం గోల చెయ్యొద్దని చెప్పాలి. ఆయమ్మ దిగి పట్టాల ముందు వరకు నడిచి రెండు వైపులా చూసి చెయ్యి ఊపాలి, అప్పుడే బండి కదలాలి. ఫస్ట్ గేర్లోనే దాటాలి, పట్టాల మీద గేర్ మార్చకూడదు, అక్కడ ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ అవ్వడం మన చేతిలో ఉండదు. అవతల మన వ్యాన్ పట్టేంత చోటు ఖాళీగా ఉంటేనే పట్టాల మీదికి ఎక్కాలి. ముందున్న ట్రాక్టర్ వెనకాలే ఆనుకుని వెళ్తే అది ఆగిన చోట మనం పట్టాల మీద ఇరుక్కుంటాం. దీనికంతటికీ పట్టేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు స్కూలు టైమ్‌లో కలిపి ఇవ్వమని పేరెంట్స్ అడగాలి. డ్రైవర్ అడిగితే వినరు సార్, పేరెంట్స్ అడిగితే వింటారు.

మడిపాక్కం_లాయర్:
రెడ్‌హిల్స్ అన్న చెప్పిన పద్ధతి చట్టంలో ఉన్నదే. మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ ప్రకారం కాపలా లేని గేటు దగ్గర డ్రైవర్ బండి ఆపాలి, కండక్టరో క్లీనరో సహాయకుడో పట్టాల దాకా నడిచి వెళ్లి రెండు వైపులా రైలు లేదని చూసుకుని బండిని దాటించాలి, ఎవరూ లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లన్నిటినీ 2019 జనవరి చివరికి తీసేశారు కాబట్టి ఆ సెక్షన్‌తో ఇక పనిలేదని చాలామంది అనుకుంటారు. ఇంటర్‌లాక్ లేని గేటు దగ్గర ఆ అలవాటు మానకూడదని నేనంటాను.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో నాందేడ్–సికింద్రాబాద్ పాసింజర్ స్కూలు బస్సుని గుద్దినప్పుడు అక్కడ గేటే లేదు. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ కుశీనగర్‌లో 13 మంది పిల్లలు పోయిందీ కాపలా లేని క్రాసింగ్ దగ్గరే. ఆ రెంటి తర్వాత దేశం గట్టిగా కదిలింది, కాపలా లేనివి పోయాయి. ఇప్పుడు అంత పట్టుదలా ఇంటర్‌లాక్ లేనివాటి మీద పెట్టాలి.

తమిళనాడు సంగతి ఒకటి. 2012లో తాంబరం దగ్గర బస్సు నేలకున్న రంధ్రంలోంచి పడి ఒక పాప చనిపోయాక స్కూలు బస్సులకి ప్రత్యేక నిబంధనలు తెచ్చారు. బస్సులో సహాయకులు ఉండాలన్నది అందులో ఉంది. కాబట్టి "ఆయాని పెట్టలేం" అని స్కూలు వాళ్లు అంటే ఒప్పుకోకండి. ఇంకోటి, వేసిన గేటుని బలవంతంగా తెరిచినా విరగ్గొట్టినా 1989 రైల్వే చట్టం 160వ సెక్షన్ కింద జైలు శిక్ష ఉంది, విరగ్గొడితే ఐదేళ్ల దాకా. గేట్‌మన్‌తో గొడవపడే కుర్రాళ్లకి ఊళ్లో పెద్దలే చెప్పాలి.

సూళ్లూరుపేట_పాసింజర్:
మా వైపు సంగతి వేరు. చెన్నై–గూడూరు లైన్లో 2022 నుంచి 130 స్పీడు. మాకు గేట్లు పడతాయి, పడితే చాలాసేపు తియ్యరు, ఒక బండి వెళ్లాక ఇంకో బండి. జనం ఓపిక పట్టలేక బైకు వంచి గేటు బూమ్ (అడ్డకమ్మీ) కింద నుంచి దూరేస్తారు. ఒక రైలు వెళ్లిపోగానే ఇక దారి ఖాళీ అని పరిగెడతారు, పక్క లైన్లో ఎదురు బండి వస్తున్నది ఆ వెళ్లే బండి చాటున కనపడదు, దాని చప్పుడులో ఇది వినపడదు. మా ఊళ్లో అలాగే పోయినవాళ్లు ఉన్నారు, వాళ్ల ఇళ్ల ముందు నుంచి నడిస్తే ఇప్పటికీ బాధేస్తుంది. ఇంటర్‌లాకింగ్ ఉన్నా నడిచేవాళ్లకి, బైకులకి అది ఏం కాపలా కాస్తుంది చెప్పండి. అక్కడ కావాల్సింది నడిచి దాటే వంతెన, లేకపోతే సబ్‌వే.

మేం తిరుపతి జిల్లా, మా గేటు మాత్రం దక్షిణ రైల్వే చెన్నై డివిజన్. కలెక్టరాఫీసు ఒక రాష్ట్రంలో, డీఆర్ఎం (రైల్వే డివిజన్ పెద్ద అధికారి) ఆఫీసు ఇంకో రాష్ట్రంలో, కాగితం మధ్యలో తిరుగుతూ ఉంటుంది. చెన్నైలో ఉండే మనవాళ్లు ఒకసారి ఆఫీసుకి వెళ్లి ఫైలు ఎక్కడుందో కనుక్కుంటే మాకు పెద్ద సాయం.

చెరకుతోట:
నెల్లికుప్పం పక్క. మా ఇంట్లో కూడా తెలుగే. సబ్‌వే అనగానే అందరూ తల ఊపుతారు గానీ రైతులు ఎందుకు వద్దంటారో కూడా వినండి. ఎత్తు తక్కువ సబ్‌వేలు కడతారు, చెరకు లోడు ట్రాక్టర్ పట్టదు, కోత మిషన్ పట్టదు. ఐప్పసి, కార్తిగై (తమిళ నెలలు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా) వానలకి నీళ్లు నిండిపోతే ఊరే తెగిపోతుంది. 2021లో పుదుక్కోట్టై జిల్లాలో రైల్వే సబ్‌వే నీళ్లలో కారు చిక్కుకుని ఒక డాక్టరమ్మ చనిపోయింది కదా, అదీ మర్చిపోలేం. అలాగని గేటే ఉంచండి అని మొండికేస్తే పిల్లల ప్రాణాలు. సెమ్మంకుప్పంలో సబ్‌వేకి రైల్వే సిద్ధంగా ఉన్నా కలెక్టర్ అనుమతి ఏడాదిగా రాలేదని దక్షిణ రైల్వే అప్పట్లో ప్రకటన ఇచ్చింది. మా ఊరివాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, వద్దు అని ఊరుకోకండి, ఎలాంటిది కావాలో రాసివ్వండి. ఎంత ఎత్తు బండి పోవాలి, నీళ్లు ఏ కాలవలోకి తోడాలి, మోటారు ఎవరు నడపాలి, పంచాయతీయా రైల్వేనా. ఇవి ముందే తేలకపోతే కట్టాక ఎవరూ పలకరు.

ఎండుగడ్డి లోడు సంగతి కూడా చెప్పాలి. కరెంటు లైన్ ఉన్న గేటుకి అటూ ఇటూ ఎత్తు కొలిచే ఇనప చట్రం ఉంటుంది, 4.67 మీటర్లు. పైన వైరులో ఉన్నది 25 వేల వోల్టులు. లోడు చట్రానికి తగిలిందంటే దించి తగ్గించుకోవాలి తప్ప పక్క నుంచి తిప్పి తీసుకెళ్లకూడదు.

టీనగర్_తెలుగు:
ఇవన్నీ చదివాక ఒకటి అడగాలనిపించింది. గేట్‌మన్ డ్యూటీ ఎన్ని గంటలు? భాష రాని మనిషిని పెట్టారని కూడా అప్పుడు గొడవైంది.

పెరంబూరు_సిగ్నల్:
చాలా గేట్లలో 12 గంటల రోస్టర్. పని మధ్య మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అంతసేపు పెట్టొచ్చు అన్నది రూలు. రాత్రి పన్నెండు గంటలు ఒక్కడే ఆ చిన్న గదిలో, పక్కన మాట్లాడే మనిషి లేకుండా కూర్చున్న తర్వాత పొద్దున స్కూలు బండ్ల వేళకి ఆ మనిషి ఎలా ఉంటాడో ఆలోచించండి. ఎనిమిది గంటలు చెయ్యమని యూనియన్లు ఎప్పటి నుంచో అడుగుతున్నాయి, నేనూ అదే అంటాను. భాష రావడం మంచిదే, ఊరివాళ్లు ఏం చెబుతున్నారో అర్థమవుతుంది, కానీ భాష వచ్చినంత మాత్రాన గేటుకీ సిగ్నల్‌కీ లంకె పడదు.

ఆ ప్రమాదం తర్వాత గేట్లన్నిటికీ సీసీ కెమెరాలు పెట్టాలని, ఫోన్ మాటలు రికార్డు అవుతున్నాయో లేదో చూడాలని, డీఆర్ఎంలు రోజూ కొన్ని రికార్డింగులు వినాలని కూడా చెప్పారు. మీ గేటుకి కెమెరా వచ్చిందా, వాయిస్ రికార్డింగ్ పని చేస్తోందా అని అడిగే హక్కు మీకుంది.

అనిల్ కాకోద్కర్ కమిటీ 2012లోనే ఐదేళ్లలో మనిషి ఉన్నవీ లేనివీ గేట్లన్నీ తీసెయ్యమంది, 50 వేల కోట్లు అవుతుందని అంచనా కూడా ఇచ్చింది. ఐదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడ.

తిరువొట్రియూర్_వాసి:
అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి చెల్లితో, వాళ్ల మామగారితో ఫోన్లో మాట్లాడాను. అర్జీ ఇలా రాస్తున్నాం, చూసి చెప్పండి.

గేటు నంబరు రాసి, ఇది ఇంటర్‌లాక్ అయిందా లేదా, టీవీయూ ఎంత, ఏ తేదీన లెక్కించారు, కొత్త హద్దు 2,500 ప్రకారం ఎప్పటికి ఇంటర్‌లాక్ చేస్తారు, కెమెరా పెట్టారా, గేట్‌మన్ రోస్టర్ ఎన్ని గంటలు అని అడుగుతున్నాం. రోడ్డుకి రెండు వైపులా స్పీడ్ బ్రేకర్లు, గేటు హెచ్చరిక బోర్డులు లేవు, అవి పంచాయతీ యూనియన్‌కి విడిగా ఇస్తున్నాం. స్కూలుకి పేరెంట్స్ అందరూ సంతకాలు చేసి, రెడ్‌హిల్స్ అన్న చెప్పిన పద్ధతి రాసిస్తారు. మా చెల్లి ఊరు కూడా చెన్నై డివిజన్ కిందికే వస్తుందా?

మడిపాక్కం_లాయర్:
రాదు అక్కా. విల్లుపురం–కడలూరు–మయిలాడుదురై లైను తిరుచ్చి డివిజన్. తిరుచ్చి డీఆర్ఎం పేరు మీద రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, నకలు కలెక్టరుకి ఇవ్వండి. అడిగే ప్రశ్నలు మాత్రం సమాచార హక్కు కింద విడిగా పెట్టండి. కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ పోర్టల్లో పది రూపాయలు కట్టి ఫోన్లోనే వెయ్యొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అర్జీకి జవాబు రాకపోయినా దీనికి వస్తుంది, వచ్చిన జవాబు పట్టుకుని ఎంపీ దగ్గరికి వెళ్లొచ్చు.

లోకో_క్యాబ్:
ఒకటి కలపండి. గేటు మలుపులో ఉందా, పట్టాల పక్కన తుమ్మచెట్లు, సీమతుమ్మ పొదలు పెరిగి రోడ్డు మీద నుంచి రైలు కనపడకుండా ఉందా చూడండి. మీ వైపు సీమతుమ్మ ఎక్కువ. రోడ్డు మీద నిలబడి ఫోటో తీసి అర్జీకి జత చెయ్యండి, గేటు నంబరు బోర్డు మీద కిలోమీటరు నంబరు కూడా ఉంటే అదీ రాయండి. పొదలు కొట్టించడానికి పెద్ద మంజూరు అక్కర్లేదు, సెక్షన్ ఇంజనీరు గ్యాంగ్‌ని పంపితే ఒక్క రోజు పని.

చెరకుతోట:
అక్కా, ఊరు పేరు నాకు మెసేజ్‌లో పంపండి. మా పక్కనే అయితే ఆదివారం నేనే వెళ్లి ఫోటోలు తీసి, రోడ్డు మీద కూర్చుని వాహనాలు లెక్కపెట్టి పంపిస్తాను. చెరకు సీజన్లో ఒక రోజు, సీజన్ లేనప్పుడు ఒక రోజు లెక్కపెట్టాలి, తేడా చాలా ఉంటుంది.